వగరుకు విరుగుడు

సంక్రాంతి పండుగకు మా మేనల్లుడు ఇటలీ నుంచి వస్తూ ఒక పెద్దమనిషినీ, ఒక సీసానూ వెంటబెట్టుకు వచ్చాడు. పెద్దమనిషికి మా అమ్మ కాళ్లకు నీళ్లిచ్చి లోపలికి రమ్మంది. సీసాను మాత్రం గడప దాటనివ్వలేదు.

మా ఊరు చిలకలూరిపేటకూ పర్చూరుకూ నడుమ ఉంది. 2022లో జిల్లాలు మార్చిన తరువాత ఏ ఊరు ఏ జిల్లాలోదో చెప్పడానికి పెద్దవాళ్లే తడుముకొంటున్నారు గనుక, పాత లెక్కన గుంటూరు, ప్రకాశం జిల్లాల పొలిమేర అంటే సరిపోతుంది. నల్లరేగడి నేల. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. జనవరి నెలకు పత్తి చివరి తీతల్లో ఉంటుంది. మిరపకాయ మొదటి కోతలు కల్లాల్లో ఎర్రగా ఆరుతూ ఉంటాయి. ఆ ఘాటు అలవాటులేనివాళ్లు కారు దిగీ దిగగానే తుమ్ముతారు. ఆయనా తుమ్మాడు. ఒక్క తుమ్మయితే కాసేపు ఆగి రమ్మనేదే మా అమ్మ. వరసగా నాలుగు తుమ్మేసరికి శకునం లెక్క ఆవిడకే తప్పిపోయింది.

ఆయన ఫ్లారెన్సు నగరంలో మావాడు అద్దెకున్న ఇంటి యజమాని. హైస్కూలు మాస్టరుగా చేసి విశ్రాంతి తీసుకొంటున్నవాడు. డెబ్బయ్యేళ్లు దాటినా మనిషి చువ్వలా ఉన్నాడు. ఫ్లారెన్సుకూ సియెనాకూ మధ్య గుట్టల మీద తాతలనాటి ద్రాక్షతోట ఒక చెక్క, కొన్ని ఆలివు చెట్లూ ఉన్నాయట. ఆ గుట్టల పేరు కియాంతి. అక్కడ పుట్టే ఎర్ర ద్రాక్షసారాకూ అదే పేరు. మన గుంటూరు సన్నాలకు ఊరిపేరు మీద భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనం సంతోషిస్తున్నాం గదా, వాళ్లు అలాంటి పని 1716లోనే చేసుకొన్నారు. టస్కనీ ప్రభువు మూడవ కోసిమో ఫలానా హద్దులలో పండినదానికే ఆ పేరు చెల్లుతుందని ఉత్తరువు ఇచ్చాడు. 1872లో బెత్తీనో రికాసోలి అనే జమీందారు, ఇటలీ ఏకమైన కొత్తలో ప్రధానమంత్రిగా కూడా పనిచేసినవాడు, ఏ ద్రాక్ష ఏ పనికి వస్తుందో ఒక ఉత్తరంలో వివరంగా రాశాడు. సాంజొవేసె అనే నల్లద్రాక్ష వాసననూ బలాన్నీ ఇస్తుందనిన్నీ, కనాయొలో అనేది దాని కరకుదనాన్ని తగ్గిస్తుందనిన్నీ ఆయన అనుభవం. నేడు ఆ పాత హద్దులలోని సరుకులో నూటికి 80 పాళ్లయినా సాంజొవేసె ఉండి తీరాలి.

సీసా మెడకు నల్లకోడిపుంజు బొమ్మ అంటించి ఉంది. సంక్రాంతినాడు కోడిపుంజును చూస్తే ఈ ప్రాంతంలో ఎవరు మాట్లాడకుండా ఉంటారు? ఆయన కథ చెప్పాడు. ఫ్లారెన్సుకూ సియెనాకూ సరిహద్దు తగవు వచ్చిందట. తెల్లవారుజామున కోడి కూయగానే రెండు ఊళ్ల నుంచీ చెరొక రౌతు బయలుదేరాలి, ఎదురుపడినచోట హద్దురాయి. సియెనావారు తెల్లకోడిని చక్కగా మేపారు. ఫ్లారెన్సువారు నల్లకోడిని చీకట్లో పెట్టి పస్తు ఉంచారు. ఆకలికి అది వేళకు ముందే కూసింది, నేలంతా ఫ్లారెన్సుకు దక్కింది. నేను మా పల్నాడు కోడిపందెం సంగతి చెప్పాను: నాయకురాలు నాగమ్మ పుంజు గెలవడం, బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచి పోవడం, చివరకు కార్యమపూడిలో నెత్తురు పారడం. ఆయన అంతా విని, "మా కోడి నయం" అన్నాడు.

అదంతా అరుగు మీది మాట. గడప లోపల మరొక సంభాషణ జరుగుతున్నది.

"ఏమిట్రా అది?" అని అడిగింది మా అమ్మ మనవణ్ణి.

"ద్రాక్షసారా అమ్మమ్మా. వాళ్ల ఇళ్లల్లో భోజనంలోకి..."

"పేరులోనే ఉంది గదా!" అని ఆవిడ లేచి వెళ్లిపోయింది.

అతిథి వేలమైళ్ల నుంచి గుడ్డలో చుట్టి తెచ్చిన కానుక. ఆయన చేతితోట కాయ. వద్దంటే ఆయన మనసు నొచ్చుకుంటుంది. సరేనంటే మా అమ్మ మనసు. మా ఇంట ఎన్నడూ సీసా అడుగుపెట్టలేదు. దానికి కారణం ఉంది, తరువాత చెబుతాను. ఆ రాత్రి భోగి మంట చల్లారిన తరువాత ఆవిడే తీర్పు చెప్పింది. పండుగనాడు వద్దు, కనుమనాడు కానివ్వండి. అరుగు మీదనే. వంటింటి గ్లాసు ఒక్కటి కూడా ఇవ్వను. అయితే ఆకులో వడ్డించేది మాత్రం తనే. ఇంటికి వచ్చినవాడు ఉత్తకడుపున తాగితే ఒప్పుకొనేది లేదు.

ఈ చివరి షరతు దగ్గరే ఈ వ్యాసానికి విషయం దొరికింది.

ఏ ద్రాక్షసారాకు ఏ వంటకం జోడు అనే విషయం మీద ఆ దేశాల్లో పుస్తకాలకు పుస్తకాలు ఉన్నాయి. దానికి తెలుగులో మాట ఏమిటా అని ఆలోచించాను. ఉపాధ్యాయుడికి ఇదొక జబ్బు. ఆలోచించగా దొరికిన మాట 'నంజుకోవడం'. ముద్దపప్పులో ఆవకాయ నంజుకొంటాం. పెరుగన్నంలో మాగాయ నంజుకొంటాం. గోంగూరలో ఉల్లిపాయ నంజుకొంటాం. పాత తెలుగులో నంజుడు అంటే మాంసమే. నంజుకొనేది ఎప్పుడూ కొంచెమే. దాని పని తినేదానికి రుచి ఎక్కించడం. కల్లుపాకలోనూ, సారాకొట్టులోనూ ఈ వరస తలకిందులవుతుంది. అక్కడ తాగేది అసలు, పచ్చడిబద్ద నంజు. ఆ ముసలాయన ఇంట్లో రొట్టె, చిక్కుడుగింజలు, ఆలివునూనె అసలు, గ్లాసులోది నంజు. మావాడు ఈ సంగతిని తన తంటాలు తాను పడి అమ్మమ్మకు వివరించాడు.

ఆవిడ నమ్మినట్టు కనబడలేదు గాని, వంటమనిషి స్వభావం ఊరుకోనీయదు గదా.

"తీపిగా ఉంటుందా?"

"ఉండదు అమ్మమ్మా. పులుపు ఉంటుంది. వగరు మరీ ఎక్కువ."

"పులుపూ వగరూనా? అయితే వాక్కాయలాంటిదన్నమాట. పప్పు ఉండాలి, నెయ్యి దండిగా ఉండాలి. మాంసం ఉంటే మరీ మంచిది. గోంగూర దగ్గరికి రానివ్వకూడదు, రెండు పులుపులూ కొట్టుకొంటాయి. కారం తగ్గించాలి. పెరుగు వద్దే వద్దు."

మావాడు ఆ మాటలు ఇటాలియనులోకి మార్చి చెప్పగానే ఆ పెద్దమనిషి అరుగు దిగి, గడప ముందు నిలబడి, లోపల పీట మీద కూర్చున్న మా అమ్మకు తల వంచి నమస్కరించాడు. ఆ విద్య నేర్చినవాళ్లు చెప్పేదీ ఇంచుమించు అదేనట. మా అమ్మ జన్మలో ఆ చుక్క రుచి చూసింది లేదు, చూసేదీ లేదు.

కనుమనాటి పొద్దున ఆయనను ఎడ్ల బండలాగుడు పందేలకు తీసుకువెళ్లాం. ఒంగోలుజాతి గిత్తలు, తెల్లగా, మూపురాలతో, బండను ఈడ్చుకుపోతూ ఉంటే ఆయన చప్పట్లు కొట్టడం మరిచిపోయి చూస్తూ నిలబడ్డాడు. వాళ్ల టస్కనీలోనూ అలాంటి తెల్ల ఎడ్ల జాతి ఒకటి ఉందట, కియానీనా అని. మూపురం ఉండదు గాని చాలా పెద్దవి. చిన్నప్పుడు వాళ్ల నాన్న వాటితోనే అరకదున్నేవాడట. ఇంటికి వచ్చాక ఆ సంగతి విని మా అమ్మ, "ట్రాక్టర్లు వచ్చాయి గదా, ఆ ఎడ్లు ఇప్పుడేం చేస్తున్నాయి?" అని అడిగింది. ఫ్లారెన్సులో కియాంతికి పేరుమోసిన జోడు ఆ ఎడ్ల మాంసమే, నిప్పుల మీద కాల్చిన పెద్ద ముక్క. మామామేనల్లుళ్లం ఒకరి మొగం ఒకరం చూసుకొన్నాం. "బాగానే ఉన్నాయి అమ్మమ్మా" అన్నాడు వాడు. బ్రెజిలు దేశానికి పోయి నెల్లూరు పేరుతో అక్కడ మందలు మందలుగా పెరిగిన మన ఒంగోలు పశువుల గతి కూడా అదే గనుక, నేను నోరు మెదపలేదు.

ఇక రుచి చూడటం. దీనికొక పద్ధతి ఉంది. మా దగ్గర కాడగ్లాసులు లేవు. రోడ్డుపక్క టీకొట్టు నుంచి నాలుగు గ్లాసులు అడిగి తెచ్చాడు మావాడు. ఎర్ర ద్రాక్షసారాను గది వేడిమిలో తాగాలని అంటారు గాని, ఆ గది రాతిగోడల యూరపు గది. 16 నుంచి 18 డిగ్రీలు దాటరాదు. మా అరుగు మీద జనవరిలో కూడా అంత చల్లదనం ఉండదు. ఆయన సీసాకు తడిగుడ్డ చుట్టి గాలితగిలేచోట గంటసేపు ఉంచాడు. మన కూజా మంత్రమే. గ్లాసులో మూడోవంతు పోసి, తెల్ల పంచెకు ఎదురుగా ఒరగవంచి రంగు చూడమన్నాడు. నడుమ మాణిక్యపు ఎరుపు, అంచున కొంచెం ఇటుకరంగు. అంచు ఇటుకకు తిరిగితే వయసు వచ్చినట్టు. తరువాత గ్లాసును గుండ్రంగా తిప్పి ముక్కు పెట్టాలి. తిప్పితే వాసన లేస్తుంది; అందుకే నిండా పోయరు.

వాసన ఏమిటో చెప్పమన్నాడు. ఆయన లెక్కన చెర్రీపండు, ఊదారంగు వయొలెట్ పువ్వు, తోలు, పొగాకు. చెర్రీ మాకు కేకు మీద అతికించేదే గాని చెట్టున తెలియదు. వయొలెట్ అసలే ఎరగం. పొగాకు అనేసరికి మాత్రం ముక్కుకు దారి దొరికింది. పొగాకు బోర్డు 1976 నుంచి గుంటూరులోనే ఉంది. ఒంగోలు, కందుకూరు దారుల్లో బ్యారన్ల పక్కనుంచి పోయినవాళ్లకు ఆ తియ్యని, వెచ్చని, ఆకు కాగే వాసన వేరే చెప్పనక్కరలేదు. మళ్లీ ముక్కు పెట్టి చూస్తే నిజంగానే ఉంది. మిగతావి నేను నా భాషలోకి మార్చుకొన్నాను: ఎండు రేగుపండు, కొత్త చెప్పుల జత, వాన పడబోయేముందు రేగడి. మార్చుకోవచ్చునా అని అడిగితే, మార్చుకోక మరేం చేస్తారు అన్నాడాయన.

అప్పుడు ఒక్క గుక్క. నలభై ఆరేళ్ల వయసులో మొదటిసారి. పాఠకులు క్షమించాలి, నాకు రుచించలేదు. మొదట పులుపు తగిలింది, బుగ్గలలో నీరు ఊరింది. ఆ వెంటనే, ఊరిన నీరంతా ఎవరో అద్దుడు కాగితంతో పీల్చేసినట్టు, నాలుక గరుకెక్కి, పళ్లకు చిగుళ్లకు గుడ్డ అంటుకొన్నట్టు అయింది. పచ్చి అరటికాయ కొరికినప్పుడు, చిన్నతనంలో దోరనేరేడుపళ్లు బుక్కినప్పుడు అయ్యేదే. వగరు. ఇంగ్లీషు చదివినవాళ్లు దీనికి రుచిగా పేరు చెప్పలేక తడబడతారు గాని, మనకది ఆరు రుచులలో ఒకటి. అమరకోశంలో అమరసింహుడు రుచుల పట్టీ వేస్తూ తీపితో మొదలుపెట్టలేదు. తువరమనీ కషాయమనీ వగరుతోనే మొదలుపెట్టాడు. ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఉగాది పచ్చడిలో మామిడిపిందె చెక్కు వేసి ఆ ఒక్కరోజు వగరును గౌరవిస్తాం. మిగిలిన ఏడాదంతా దానిని వండి, నానబెట్టి, మజ్జిగలో వేసి పోగొట్టుకొనే పనిలోనే ఉంటాం.

నల్లద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ ఆ వగరు ఉంటుంది. తెల్లరకానికి రసం పిండి తొక్కలు పారేస్తారు. ఎర్రరకానికి రసాన్ని తొక్కలతో కలిపే పులియబెడతారు. అందుకే రంగు, అందుకే వగరు. టీ డికాక్షనులోనూ, వక్కలోనూ ఉన్నది ఆ జాతి పదార్థమే, టానిన్ అంటారు. మన ఉమ్మిలో నోటిని జారుగా ఉంచే మాంసకృత్తులు ఉంటాయి. టానిన్ వాటిని పట్టుకొని ముద్దకట్టిస్తుంది. జారు పోతుంది, నోరు గరుకెక్కుతుంది. టీలో పాలు పోయగానే వగరు ఎందుకు తగ్గుతుందో ఇప్పుడు తెలుస్తుంది: పాలలోని మాంసకృత్తులు దానికి ఎర అవుతాయి, మన ఉమ్మి బతికిపోతుంది. మాంసం, పప్పు, జున్నుగడ్డ చేసేదీ ఆ ఎర పనే. నెయ్యి, నూనె పోయిన జారును తిరిగి తెచ్చిపెడతాయి. వాక్కాయపప్పులో నెయ్యి దండిగా వేయమనే మా అమ్మకు టానిన్ పేరు తెలియదు.

ఆకులు వేశారు. ఆయనకూ, మాకూ అరుగు మీద. వడ్డన గడప లోపలి నుంచి. కనుమనాడు మినుము తినాలి గనుక మొదట గారెలు. వేడి గారె తుంచి తిని ఒక గుక్క తాగి చూస్తే, వగరు సగానికి దిగింది. నూనెజిడ్డు కూడా నోట నిలవకుండా కడుక్కుపోయింది. ఒకదాని తప్పు ఒకటి దిద్దింది. తరువాత ముద్దపప్పు, నెయ్యి, అన్నం. ఇది నాకు మహా ఆశ్చర్యం. పప్పన్నం తరువాత ఆ గుక్కలో వగరు వెనక్కు పోయి, పొద్దున ముక్కుకు తగిలిన పొగాకు, రేగుపండు ముందుకు వచ్చాయి. అప్పటిదాకా అరిచే మనిషి హఠాత్తుగా మామూలుగా మాట్లాడినట్టు.

కోడికూర విషయంలో మా అమ్మ ఒక యుక్తి చేసింది. నాటుకోడి పులుసులో ఎప్పుడూ పడే కారం మాని, మిరియాలు దంచి వేపుడు చేసింది. ఆలోచిస్తే ఇది వెనక్కు నడిచిన వంట. మిరపకాయ మనది కాదు; పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో అమెరికా నుంచి ఓడల మీద తెచ్చింది. అంతకుముందు మన కారమంతా మిరియమే. మిరియాన్ని పోలిన కాయ గనుకనే మిరపకాయ అయిందంటారు. ఇటలీవాళ్లు ఎగబడి తినే టమాటో కూడా ఆ అమెరికా సరుకే. మిరియాల కోడికీ ఆ సారాకూ ఏ పేచీ లేదు. ఆ రోజు ఆకులలో అన్నిటికంటె బాగా కుదిరిన జోడు అదేనని ఆయన అన్నాడు, నేనూ ఒప్పుకొన్నాను.

కుదరనివీ చెప్పాలి. వద్దన్నా వినకుండా మావాడు గోంగూర పచ్చడి వేయించాడు, చూద్దామని. గోంగూర పులుపు ముందు కియాంతి పులుపు నిలవలేదు. తాగితే చప్పిడి నీళ్లలా అయిపోయింది. తాగేదాని పులుపు తినేదాని పులుపుకు తక్కువ కారాదని ఒక సూత్రం ఉందట. టమాటోకు అది చాలుతుంది, మా గోంగూరకు చాలలేదు. అరిసె కొరికి తాగితే ఉన్న కాస్త రుచీ విరిగి పుల్లగా, చేదుగా మారింది. తీపికి తీపిసారాయే కావాలనీ, తమ ఊళ్లో బాదం బిస్కట్లను విన్ సాంతో అనే తీపిరకంలో ముంచుకు తింటామనీ ఆయన చెప్పాడు.

చివరకు పండుమిరపకాయ పచ్చడి. అప్పుడే రోటి నుంచి తీసింది. ఆయన గోరంత నాలుకకు రాసుకొని, మంట ఆర్పుకోవడానికి గభాలున గ్లాసు ఎత్తాడు. అయ్యయ్యో అనేలోపే పని అయిపోయింది. కళ్లు, ముక్కు, చెవులు ఏకమయ్యాయి. నిజానికి కారం రుచి కాదు, కాలిన బాధ. మిరపలోని కాప్సైసిన్ నాలుక మీద వేడిని గుర్తుపట్టే తలుపునే తడుతుంది. ఆ తలుపును 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్ అనే శాస్త్రజ్ఞుడికి 2021లో నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు. ఆల్కహాలు కూడా ఆ తలుపునే తడుతుంది. మంట మీద మంట. నీళ్లు తాగినా లాభం లేదు, కాప్సైసిన్ నీటిలో కరగదు. మా అమ్మ లోపలి నుంచి ఒక నేతిముద్ద, వెనకనే గ్లాసెడు మీగడపాలు పంపింది. ఆ గ్లాసు వంటింటిదే.

కొంచెం తెప్పరిల్లాక ఆయన, తనకు ముందు తన దేశంవాళ్లు ఎవరయినా ఈ పక్కకు వచ్చారా అని అడిగాడు. వచ్చారు. ఇక్కడికి దూరం కాని చినగంజాం దగ్గరి మోటుపల్లి ఒకప్పుడు గొప్ప రేవు. కాకతి గణపతిదేవుడు 1244లో ఓడవర్తకులకు అభయమిస్తూ అక్కడ శాసనం వేయించాడు. ఆ శతాబ్దం చివర వెనిసు నగరవాసి మార్కోపోలో ఈ తీరాన్ని 'ముత్ఫిలి' అనే పేరుతో వర్ణించి, ఇక్కడి వజ్రాలనూ సన్నని నూలుబట్టలనూ పొగిడాడు. ఇంకా వెనక్కు పోతే, క్రీస్తు శకం మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడి గ్రంథం 'పెరిప్లస్'లో భరుకచ్ఛం రేవుకు ఏ సరుకులు పట్టుకుపోవాలో చెప్పే పట్టీలో ద్రాక్షసారా ఉంది. అందులోనూ ఇటలీది అయితే మేలట. ఆ గ్రంథమే మసాలియా అంటూ మన కృష్ణాతీరపు సన్నబట్టలను పేర్కొంది. వినుకొండలో రోమను బంగారు నాణేలు దొరికాయి. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల రాజభవనం చోట దొరికిన శిల్పాలలో గడ్డం మనిషి ఒకడు కొమ్ముపాత్ర పట్టుకొని, పక్కన పీపాతో నిలబడి ఉంటాడు. యవనుల మధుదేవత డయొనిసస్ పోలిక అని పండితుల మాట. విద్యార్థులను లాంచీలో ఆ కొండ మీది మ్యూజియానికి తీసుకుపోయినప్పుడల్లా వాళ్లు అతని దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు. నేను తొందరపెడుతూ ఉంటాను.

అయితే ఈ కథలకు మా అమ్మ గడప కరగలేదు. కరగదు. కారణం చెబుతానన్నాను గదా.

మా మేనమామ, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. నాలుగెకరాల మిరప పండించినవాడు. నాకు ఊహ తెలిసేసరికే సారా ప్యాకెట్టు పళ్లతో చింపి ఎత్తిపట్టడం తప్ప మరొక పని ఆయనకు లేదు. ఎకరం తరువాత ఎకరం పోయింది. నా చిన్నప్పుడు ఒక కనుమనాడే, నలభై అయినా నిండకుండా పోయాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకొన్న ఆడవాళ్లు సారాకొట్టు మూయించారని పేపర్లలో వచ్చినప్పుడు, మా ఊరి ఆడవాళ్లు కూడా కొట్టు ముందు బైఠాయించారు. వారిలో మా అమ్మ ఉంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఈ వివాదం మనకు కొత్తదీ కాదు. ఏ పంతులుగారి పేరు ప్రకాశం జిల్లాకు పెట్టుకొన్నామో, ఆ పంతులుగారి మంత్రివర్గమే 1954 నవంబరులో మద్యనిషేధం తగవు మీద అవిశ్వాసంలో పడిపోయింది.

ఆ సాయంత్రం మా అమ్మ మొదటిసారి అరుగు మీదికి వచ్చి ఆయనకు కొంచెం దూరంలో కూర్చొంది. "అన్నయ్యగారిని ఒకటి అడగరా" అంది మనవడితో. "వీళ్లు ఇట్లా రంగు చూసి, వాసన చూసి, అన్నంలో నంజుకొని తాగితే, వీళ్ల ఊళ్లో తాగి చెడినవాడు ఎవడూ లేడా?"

మావాడు ఈ ప్రశ్నను కొంచెం మెత్తబరిచి ఉంటాడు. అయినా ఆయనకు అర్థమయింది. కాసేపు గ్లాసు కేసి చూశాడు. ఉన్నాడన్నాడు. తన సొంత పినతండ్రి. ఈ తోట సరుకే, ఈ కియాంతియే. పద్ధతులన్నీ తెలిసినవాడే, చివరి రోజుల్లో రొట్టె మాని సీసా ఒక్కటే పట్టుకొన్నాడు.

మా అమ్మ తల ఊపింది. మరి ఏమీ అనలేదు. ఆయన గ్లాసులో మిగిలిన నాలుగు చుక్కలు తులసికోట పక్కన పారబోయబోయి, మా అమ్మ మొగం చూసి ఆగి, వీధి కాలువలో పోసి వచ్చాడు. సీసాలో సగం అలాగే ఉండిపోయింది. మర్నాడు మావాడు గుంటూరులో ఎవరో స్నేహితుడికి ఇచ్చివేశాడు. మొత్తం కలిపి నేను తాగింది ఒక కాఫీగ్లాసెడు ఉండదు. మళ్లీ తాగాలని లేదు గాని, మిరియాల కోడి తింటూంటే ఇప్పటికీ ఆ గుక్క గుర్తుకు వస్తూ ఉంటుంది. ఆ మాట ఇంట్లో అనను.

రాత్రి భోజనమయ్యాక తాంబూలం ఇచ్చాం. ఆయన వక్క కొరికి, ఒక్క క్షణం నమిలి, కళ్లు పెద్దవి చేసి నావైపు తిరిగాడు. నాలుక చూపించి మావాడితో ఏదో గబగబా అన్నాడు. వగరు దొరికిందట. మీరు మధ్యాహ్నం నుంచి దీనిని ఎక్కడ దాచారని అడుగుతున్నాడట.

వెళ్లేటప్పుడు మా అమ్మ ఒక చిన్న జాడీలో పండుమిరపకాయ పచ్చడి కట్టి ఇచ్చింది. ఎలా తినాలో మూడుసార్లు చెప్పి పంపింది. నెల తరువాత మావాడి ఫోనులో ఆయన కబురు వచ్చింది. రొట్టె మీద రాసుకొని తిన్నాననీ, అలవాటు చొప్పున గ్లాసు పక్కనే పెట్టుకొన్నాననీ, ఆ రాత్రి నిద్ర లేదనీ.

మా అమ్మ చేస్తున్న పని ఆపి అడిగింది: "నెయ్యి వేసుకొన్నాడో లేదో కనుక్కోరా."